చిన్న కోతతో గుండె ఆపరేషన్: ఎవరికి పనికొస్తుంది, ఎంతవరకు?

"ఓపెన్ చేస్తారా, కీహోల్ చేస్తారా?" ఇంట్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ చేయాలనగానే ఈమధ్య డాక్టర్‌ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఒకరు హోర్డింగ్ మీద 'కోత లేకుండా గుండె ఆపరేషన్' అని చదివి ఉంటారు. ఇంకొకరు పక్కింటాయనకు తొడ దగ్గర నుంచే వాల్వు వేశారని విని ఉంటారు. మరొకరు రోబో బైపాస్ వీడియో చూసి ఉంటారు. అందరి నోటా మాట ఒకటే, కానీ ఒక్కొక్కరు చెప్పేది ఒక్కో ఆపరేషన్ గురించి. స్టెంటు వేయించుకున్నాయన కూడా "నాకూ గుండె ఆపరేషనే అయింది, రెండో రోజే ఇంటికొచ్చేశా" అంటాడు. వాల్వు మార్పించుకోవాల్సిన మనిషి అది విని, మరి నన్నెందుకు వారం రోజులు ఉండమంటున్నారని అనుమానపడతాడు.

ఈ చిక్కు విడిపోవాలంటే మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఛాతీని ఎక్కడ, ఎంత తెరుస్తారు? గుండెను ఆపి చేస్తారా, కొట్టుకుంటుండగానే చేస్తారా? రక్తాన్ని తిప్పే పనిని హార్ట్-లంగ్ మెషిన్‌కు అప్పగిస్తారా?

ఈ మూడింటికీ జవాబులు ఎలాగైనా కలవొచ్చు. మన దేశంలో చాలామంది సర్జన్లు బైపాస్‌ను మెషిన్ లేకుండా, గుండె కొట్టుకుంటుండగానే చేస్తారు. దాన్నే 'బీటింగ్ హార్ట్' అంటారు. పేరు వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, అందులో చాలావాటికి ఛాతీ ఎముకను నిలువునా కోయాల్సిందే. మైట్రల్ అనే గుండె వాల్వు రిపేరు ఇందుకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. పక్కటెముకల మధ్య అయిదారు సెంటీమీటర్ల కోతతో చేసినా సరే, గుండెను ఆపుతారు, మెషిన్ నడుస్తుంది. అంటే కోత చిన్నదే, లోపల జరిగేది మాత్రం పూర్తి స్థాయి గుండె ఆపరేషన్. 'చిన్న ఆపరేషన్ అట' అని బంధువులకు ఫోన్లో చెప్పేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఎముక సంగతి

మామూలు ఓపెన్ హార్ట్ సర్జరీలో మెడ కింది గుంట దగ్గర మొదలుపెట్టి పొట్ట పైభాగం దాకా, సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల కోత పెడతారు. చర్మం కింద ఉన్న ఛాతీ ఎముకను చిన్న కరెంటు రంపంతో మధ్యకు కోసి, రిట్రాక్టర్ అనే పరికరంతో రెండు వైపులకూ మెల్లగా తెరుస్తారు. గుండె, దాని నుంచి బయల్దేరే మహాధమనితో సహా, సర్జన్ కళ్లెదుట ఉంటుంది. పని పూర్తయ్యాక ఎముకను స్టీలు తీగలతో బిగించి కట్టేస్తారు. ఆ తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి. ఎప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీసినా తెల్లటి మెలికల్లా కనిపిస్తాయి. సాధారణంగా వాటివల్ల ఇబ్బందేమీ ఉండదు.

సర్జన్‌కు ఇంతకన్నా అనువైన దారి లేదు. రోగికే ఆ తర్వాత రోజులు కష్టంగా గడుస్తాయి. కోసిన ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. అప్పటిదాకా వెల్లకిలా పడుకోమంటారు. దగ్గొస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గమంటారు. మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయొద్దంటారు. నీళ్ల బిందె, బియ్యం సంచి, మనవడు, ఏదీ ఎత్తకూడదు. బండి హ్యాండిల్ పట్టుకోకూడదు. ఉద్యోగస్తుడైతే సెలవు పెట్టుకుంటాడు. ఆటో నడిపే మనిషికో, తాపీ పని చేసే మనిషికో అది మూడు నెలల సంపాదన.

ఇంకో భయం ఇన్ఫెక్షన్. ఎముక దాకా చీము పట్టడం అరుదే, కానీ పట్టిందంటే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి శుభ్రం చేయాలి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో, లావుగా ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. గుండె ఆపరేషన్ వార్డులో షుగర్ లేని పేషెంటు కోసం వెతుక్కోవాల్సిన పరిస్థితి.

చిన్న కోత పద్ధతుల అసలు ఉద్దేశం ఈ ఎముకను కోయకుండా తప్పించుకోవడం, లేదా సగమే కోయడం. మచ్చ చిన్నదవడం దాని వెంట వచ్చే లాభమే. ప్రకటనలు మచ్చ గురించే ఎక్కువ చెబుతాయి, ఫొటోలో చూపించడం తేలిక కాబట్టి.

కొత్తది అనుకుంటాం గానీ

పక్కటెముకల మధ్య నుంచి గుండెను చేరడం నిజానికి ఎముక కోసే పద్ధతికన్నా పాతది. 1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ ఎడమ పక్క నుంచి వేలు లోపలికి పోనిచ్చి, మూసుకుపోయిన మైట్రల్ వాల్వును వెడల్పు చేశారు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్ సాయంతో గుండెలోని రంధ్రాన్ని విజయవంతంగా మూశాక పరిస్థితి మారిపోయింది. గుండెను ఆపి, తెరిచి, తాపీగా పని చేసుకునే వీలు దొరికింది. అన్నిటికీ సరిపడే దారిగా ఛాతీ ఎముక కోత స్థిరపడింది. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వసీలి కొలెసోవ్ మెషిన్ లేకుండా, ఎడమ పక్కటెముకల మధ్య నుంచి, ఛాతీ లోపలి ధమనిని గుండె రక్తనాళానికి కలిపి కుట్టారు. ఈరోజు చిన్న కోత బైపాస్ అంటున్నది దాదాపు అదే. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1990ల్లో లాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు మామూలైపోయాక గుండె సర్జన్లలోనూ ఆలోచన మొదలైంది. 1996లో ప్యారిస్‌లో అలాన్ కార్పెంటియే కెమెరా సాయంతో చిన్న కోత నుంచి మైట్రల్ వాల్వు రిపేరు చేశారు. ఆ రోజుల్లోనే అమెరికాలో డెలోస్ కాస్‌గ్రోవ్, లారెన్స్ కోన్ వంటి సర్జన్లు వాల్వు ఆపరేషన్లకు చిన్న కోతలు వాడి ఫలితాలు ప్రకటించారు. 1998లో కార్పెంటియేనే రోబో సాయంతో కూడా చేశారు. ఇన్నేళ్ల అనుభవం ఉంది కాబట్టే లాభమెంత, నష్టమెంత అన్నది ఇప్పుడు కాస్త నిదానంగా మాట్లాడుకోగలుగుతున్నాం.

థియేటర్లో ఏం జరుగుతుంది

మైట్రల్ వాల్వు రిపేరునే తీసుకుందాం, చిన్న కోత బాగా కుదిరేది అక్కడే. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే తలుపు లాంటి వాల్వు ఇది. రెక్క సాగిపోయో, దాన్ని పట్టి ఉంచే తీగ తెగిపోయో రక్తం వెనక్కి లీకవుతుంటుంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం దీని లక్షణాలు.

పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి కుడి పక్కను కొద్దిగా ఎత్తి పెడతారు. ఎనస్థీషియా డాక్టర్ రెండు దారులున్న గొట్టం వేసి, పని జరిగేంతసేపు కుడి ఊపిరితిత్తికి గాలి ఆపేస్తారు. అది ముడుచుకుంటేనే గుండె కనిపిస్తుంది. కుడివైపు నాలుగో పక్కటెముక కింది సందులో అయిదారు సెంటీమీటర్ల కోత పెడతారు. ఆడవాళ్లకైతే రొమ్ము కింది మడతలో పెడతారు, తర్వాత మచ్చ కనిపించదు. పక్కనే కెమెరాకు ఒక రంధ్రం, మహాధమనిని బిగించి పట్టే క్లాంపుకు ఇంకొకటి. గజ్జ దగ్గర రక్తనాళాల్లోకి గొట్టాలు పంపి అక్కడి నుంచి హార్ట్-లంగ్ మెషిన్‌కు కలుపుతారు. సిరలో గొట్టం తొడ నుంచి గుండె కుడి గది దాకా వెళ్తుంది. అన్నవాహిక లోంచి చూసే ఇకో తెరమీద చూస్తూ దాన్ని సరైన చోట నిలుపుతారు. ఆ తర్వాత పొటాషియం కలిసిన ద్రవంతో గుండెను నిద్రపుచ్చి, ఎడమ గదిని తెరుస్తారు.

ఇక్కడి నుంచి సర్జన్ వేళ్లు వాల్వును తాకవు. సన్నమూతి జాడీలోంచి పొడవాటి గరిటెతో అడుగున ఉన్న ముక్కను అందుకున్నట్టు, మూరెడు పొడవున్న పనిముట్లతోనే కోయాలి, కుట్టాలి, ముడి వేయాలి. ముడిని లోపలికి తోయడానికి కూడా ఓ పుల్ల ఉంటుంది. ఛాతీలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతూనే ఉంటారు. తెరిచిన గుండెలో మామూలు గాలి బుడగ మిగిలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది, కార్బన్ డయాక్సైడ్ అయితే రక్తంలో త్వరగా కరిగిపోతుంది. ఈ పద్ధతిలో గుండె ఆగి ఉండే సమయం, మెషిన్ మీద ఉండే సమయం మామూలుకన్నా ఎక్కువ. చేయి తిరిగిన సర్జన్ల దగ్గర ఆ తేడా తగ్గుతుంది.

గుండె నుంచి మహాధమనిలోకి రక్తం వెళ్లే చోట ఉండే అయోర్టిక్ వాల్వుకైతే ఛాతీ ఎముకలో పై సగాన్ని మాత్రమే కోసి పక్కకు మళ్లించే పద్ధతి ఉంది. కుడివైపు పైన రెండో పక్కటెముక దగ్గర చిన్న కోతతో చేసే పద్ధతి ఇంకొకటి. మొదటి దాంట్లో ఎముక కొంత కోసినా కింది భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి ఛాతీ గట్టిగా నిలుస్తుంది.

రోగికి దక్కేది

రక్తం కారడం తగ్గుతుంది, కాబట్టి రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గుతుంది. బ్లడ్ బ్యాంకు చీటీ పట్టుకుని డోనర్ల కోసం ఫ్రెండ్స్ గ్రూపుల్లో మెసేజీలు పెట్టిన పేషెంటు బంధువులకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. వెంటిలేటర్ మీద, ఐసీయూలో గడిపే సమయం చాలాచోట్ల తగ్గింది. పక్కటెముకల మధ్య నుంచి చేస్తే ఛాతీ ఎముకకు ఇన్ఫెక్షన్ అన్న ప్రశ్నే ఉండదు, ఎముక కోయలేదు కాబట్టి. మూడు బంతులున్న ఆ ప్లాస్టిక్ పరికరాన్ని పీల్చి బంతులు లేపమని ఫిజియోథెరపిస్ట్ వెంటపడతారు చూశారా, ఎముక నొప్పి లేనివాళ్లు ఆ పని తొందరగా చేయగలుగుతారు. ఊపిరితిత్తులు బాగా తెరుచుకుంటాయి, కఫం బయటికొస్తుంది.

అసలు లాభం ఇంటికొచ్చాక తెలుస్తుంది. పక్కకు తిరిగి పడుకోవచ్చు. రెండు మూడు వారాల్లో కారు నడపడం, ఆఫీసు పని మొదలుపెట్టడం చాలామందికి సాధ్యమవుతుంది. ఎముక కోయించుకున్నవాళ్లు అప్పటికి ఇంకా దిండు పట్టుకునే దగ్గుతుంటారు.

అయితే ఈ లాభం ఎన్నాళ్ల లెక్క? దీనిమీద బ్రిటన్‌లో గట్టి పరీక్ష జరిగింది. పది ఆస్పత్రుల్లో మైట్రల్ వాల్వు రిపేరు కావాల్సిన 330 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు చిన్న కోతతో, మరో జట్టుకు ఎముక కోసి ఆపరేషన్ చేశారు. 2023లో జామా అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. పన్నెండు వారాల తర్వాత నడక, పనులు చేసుకోగలగడం వంటి శారీరక సామర్థ్యంలో రెండు జట్ల మధ్యా తేడా తేలలేదు. ఆస్పత్రిలో ఉన్న రోజులు మాత్రం చిన్న కోతవాళ్లకు ఒకటి తక్కువ: ఆరుకు బదులు అయిదు. నాలుగు రోజుల్లోపే ఇంటికెళ్లినవాళ్లు ఆ జట్టులో మూడింట ఒక వంతు, రెండో జట్టులో 15 శాతం. వాల్వు రిపేరు నాణ్యత, ఏడాది దాకా చూసిన భద్రత రెండింట్లోనూ సమానమే.

దీన్ని కొందరు 'చూశారా, తేడా లేదు' అని చదువుతారు, ఇంకొందరు 'చూశారా, సురక్షితమే' అని చదువుతారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. చిన్న కోత వల్ల కలిసొచ్చేవి మొదటి కొన్ని వారాలు. మూడు నెలలు గడిచేసరికి ఇద్దరూ ఒకే చోటికి చేరతారు. ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. కానీ ఆ కొన్ని వారాల విలువ అందరికీ ఒకటి కాదు. ఇంట్లో చూసుకునేవాళ్లున్న రిటైర్డ్ మాస్టారికి అది సౌకర్యం. పాలిచ్చే బిడ్డ ఉన్న తల్లికి అంతకన్నా చాలా ఎక్కువ.

బైపాస్‌లో లెక్క వేరు

వాల్వు ఒకే చోట ఉంటుంది. బైపాస్‌లో అలా కాదు, గుండె ముందు, పక్కన, వెనక ఉన్న రక్తనాళాలన్నిటినీ అందుకోవాలి. ఒక్క ఎడమ ముందు రక్తనాళంలోనే, అంటే డాక్టర్లు ఎల్ఏడీ అనే దాంట్లోనే అడ్డంకి ఉంటే, ఎడమ రొమ్ము కింద చిన్న కోత నుంచి ఛాతీ లోపలి ధమనిని తీసి దానికి కుట్టడం బాగా కుదురుతుంది. ఆ ధమని కుట్టు పదేళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిదికి పైగా తెరుచుకునే ఉంటుంది. కాలి నుంచి తీసిన సిర అంత కాలం నిలవదు, పదేళ్లకు సగం దాకా మూసుకుపోవచ్చు. కాబట్టి బైపాస్‌లో అసలు ప్రాణం ఆ ఒక్క కుట్టులోనే ఉంది. మిగతా నాళాల్లో అడ్డంకులకు స్టెంట్లు వేసి, ఎల్ఏడీకి మాత్రం చిన్న కోత బైపాస్ చేసే హైబ్రిడ్ పద్ధతి ఇలా పుట్టిందే.

మన దగ్గర చిక్కేమిటంటే, షుగర్ ఉన్న పేషెంట్లలో చాలామందికి మూడు నాళాల్లోనూ, పొడుగునా అడ్డంకులు ఉంటాయి. షుగర్‌తో పాటు పలు నాళాల్లో జబ్బున్నవాళ్లలో స్టెంట్లకన్నా బైపాస్ తర్వాతే అయిదేళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయని 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం తేల్చింది. అలాంటివాళ్లకు నాలుగు గ్రాఫ్టులు, అంటే అడ్డంకి దాటించి కుట్టే కొత్త రక్తనాళాలు, కావాలంటే నాలుగూ సరిగా పడాలి. చిన్న కోతలోంచి మూడు, నాలుగు వేయగల సర్జన్లు ఉన్నారు, లేరని కాదు. కానీ కోత చిన్నగా ఉంచడం కోసం ఒక గ్రాఫ్టు తగ్గించే పరిస్థితి వస్తే, నేనైతే పెద్ద కోతకే ఓటేస్తాను.

ఒక చిన్న మేలు మాత్రం ఎవరైనా అడగొచ్చు. కాలి సిరను తీసేటప్పుడు చీలమండ నుంచి తొడ దాకా కోసే బదులు, రెండు మూడు చిన్న కోతలు పెట్టి కెమెరాతో తీసే పద్ధతి ఉంది. ఛాతీ కోత ఎలా ఉన్నా సరే, షుగర్ పేషెంట్లకు కాలి పుండు మానక నెలలు బాధపడే గొడవ దీంతో తగ్గుతుంది.

అసలు కోతే లేనివి

1977 సెప్టెంబర్ 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ గుండె రక్తనాళానికి మొదటి యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో అడ్డంకిని వెడల్పు చేయడం) చేశారు. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే తొడ రక్తనాళం ద్వారా మొదటిసారి అయోర్టిక్ వాల్వును అమర్చారు. టావి అంటున్నది దాన్నే. ఇవి చేసేది కార్డియాలజిస్టులు, ఎక్స్‌రే తెర చూస్తూ రక్తనాళాల్లోంచి పని చేసే క్యాథ్ ల్యాబ్‌లో. గుండె ఆగదు, చాలాసార్లు పూర్తి మత్తు కూడా ఇవ్వరు. ఎనభై దాటిన పెద్దాయనకు, ఊపిరితిత్తులు బాగోలేని అవ్వకు టావి నిజంగా వరమే. మొదట ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకే చేసేవారు, 2019 నాటికి ముప్పు తక్కువ ఉన్నవాళ్లలోనూ ఫలితాలు బాగున్నాయని తేలింది. గుజరాత్‌లోని మెరిల్ సంస్థ తయారుచేసే మైవాల్ వంటి దేశీ వాల్వులు వచ్చినా, ఖర్చు ఇప్పటికీ లక్షల్లోనే.

వయసు తక్కువున్నవాళ్లకు టావి వెంటనే చేయరెందుకంటే, అందులో వాడేది జంతు కణజాలంతో చేసిన వాల్వు, కొన్నేళ్లకు అరిగిపోతుంది. పేస్‌మేకర్ పెట్టాల్సి రావడమూ ఇందులో ఎక్కువే. 65 ఏళ్లలోపు వాళ్లకు సర్జరీ, 80 దాటితే టావి, మధ్యలో ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలన్నది అమెరికా మార్గదర్శకాల సారం.

కీళ్లవాత జ్వరం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడిన అమ్మాయిలు మన ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో చాలామందికి తొడ సిర లోంచి బెలూన్ పంపి వాల్వును విప్పితే చాలు. జపాన్ సర్జన్ కాంజి ఇనౌయే 1980ల్లో తెచ్చిన ఆ బెలూన్ గర్భిణులను కూడా కాపాడింది. బెలూన్‌కు పనికిరానంతగా వాల్వు గట్టిపడితే సర్జరీ తప్పదు.

రోబో గురించి రెండు ముక్కలు. ఆపరేషన్ రోబో చేయదు. కొద్ది దూరంలో కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జన్ చేతి కదలికల్నే అది లోపల చేసి చూపిస్తుంది. చెయ్యి వణికినా అది వణకదు, మణికట్టులా తిరుగుతుంది, కోతలు ఇంకా చిన్నవవుతాయి. మన దేశంలో తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర రోబోతో 2025 జనవరిలో గురుగ్రామ్‌లో కూర్చుని జైపూర్‌లోని పేషెంటుకు గుండె ఆపరేషన్ చేశారు. అయితే కన్సోల్ వెనక ఉన్న మనిషికి ఎంత అనుభవం ఉందన్న ప్రశ్న రోబో వచ్చినా పోలేదు.

మచ్చ, పెళ్లి

గుండె పై గదుల మధ్య పుట్టుకతో రంధ్రం ఉన్న ఆడపిల్లలకు చాలాసార్లు కాలేజీ వయసులో జబ్బు బయటపడుతుంది. తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడిగేది ఒకటే: "మచ్చ కనిపిస్తుందా డాక్టర్‌గారూ?" సంబంధాలు చూసే రోజులు కదా. ఆ ప్రశ్నను చులకన చేయను. రంధ్రం మధ్యలో ఉండి చుట్టూ అంచు సరిపడా ఉంటే, తొడ నుంచి గొడుగులాంటి పరికరం పంపి మూసేయొచ్చు, మచ్చే ఉండదు. అంచు లేకపోతే రొమ్ము కింది మడతలో చిన్న కోతతో కుట్టేయొచ్చు. రెండూ మంచి దారులే.

నాకు గుచ్చుకునేది వేరే. మచ్చ దాచగలిగాం కదా అని ఆపరేషన్ సంగతే దాచి పెళ్లి చేసేవాళ్లుంటారు. రంధ్రం మూసిన అమ్మాయి విషయంలో సాధారణంగా పెద్ద ఇబ్బంది రాదు. మెటల్ వాల్వు వేసిన అమ్మాయి విషయం అలా కాదు. రక్తం పలుచన చేసే మాత్ర ఆమె జీవితాంతం వేసుకోవాలి, రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. గర్భం దాల్చితే ఆ మాత్ర బిడ్డకు ప్రమాదం, మానేస్తే తల్లికి ప్రమాదం. గర్భం కోసం అనుకున్నప్పుడే కార్డియాలజిస్టును, గైనకాలజిస్టును కలవాలి. కోత రెండంగుళాలున్నా పదంగుళాలున్నా ఇందులో మార్పుండదు. అందుకే వయసులో ఉన్న అమ్మాయికి కోత ఎక్కడ పెడతారన్నదానికన్నా ముందు అడగాల్సింది, వాల్వును రిపేరు చేయగలరా, మార్చాలా అని. కీళ్లవాత జ్వరం వల్ల చెడిన వాల్వును రిపేరు చేయడం కష్టమైన పని, అందరూ చేయలేరు. పెద్ద కోతతో రిపేరు చేసే సర్జన్, చిన్న కోతతో వాల్వు మార్చే సర్జన్ ఎదురైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆలోచించాల్సిన పని లేదు.

ఎవరికి వద్దంటారు

చిన్నప్పుడో, తర్వాతో ఊపిరితిత్తుల టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటే పక్కనుంచి లోపలికి వెళ్లడం ప్రమాదం. 'ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందటి మాట' అని చాలామంది చెప్పరు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లు ఒక్క ఊపిరితిత్తి మీద గంటల తరబడి ఉండలేరు. పొగతాగడం వల్లో, షుగర్ వల్లో కాలి ధమనుల్లో, మహాధమనిలో పూడిక ఉంటే, గజ్జ నుంచి ఎదురు దిశలో పంపే రక్తం ఆ ముక్కల్ని మెదడుకు మోసుకెళ్లవచ్చు. మొదటి రోజుల్లో చిన్న కోత పద్ధతుల్లో పక్షవాతం ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. అందుకే ఇప్పుడు ముందుగా సీటీ స్కాన్ తీసి దారి చూసుకుంటారు. 'గుండెకు ఆపరేషన్ అయితే తొడకు స్కాన్ ఎందుకు, బిల్లు కోసమా' అని కోప్పడకండి. గుండె బాగా నీరసించినవాళ్లకు, అర్ధరాత్రి ఎమర్జెన్సీగా వచ్చినవాళ్లకు పెద్ద కోతే క్షేమం.

నొప్పి గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. పక్కటెముకల మధ్య నరాలుంటాయి. మొదటి రెండు మూడు రోజులు అక్కడి నొప్పి ఎముక నొప్పికన్నా ఎక్కువగా ఉండొచ్చు, కొందరికి నెలల తరబడి తిమ్మిరో మంటో మిగలొచ్చు. నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతులు వచ్చాక ఇది చాలా తగ్గింది.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో 17 మంది సర్జన్లు చేసిన దాదాపు 3,900 చిన్న కోత మైట్రల్ ఆపరేషన్లను పరిశీలించి 2013లో ఒక లెక్క ప్రకటించారు. చేయి తిరగడానికి ఒక్కో సర్జన్‌కు 75 నుంచి 125 ఆపరేషన్లు పట్టాయి. ఆ నేర్పు నిలవాలంటే వారానికి ఒకటికన్నా ఎక్కువే చేస్తుండాలి. కాబట్టి డాక్టర్‌ను అడగండి: "ఈ పద్ధతిలో మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారండీ? వారానికి ఎన్ని చేస్తారు? ఎంతమందికి మధ్యలో పెద్ద కోతకు మారాల్సొచ్చింది?" మంచి సర్జన్‌కు దీనికి కోపం రాదు. మధ్యలో పెద్ద కోతకు మారడాన్ని ఓటమిగా చూడొద్దు. లోపల రక్తం కారుతుంటే పంతానికి పోకుండా ఎముక తెరిచే సర్జనే కావాలి మనకు. సమ్మతి పత్రంలో ఆ వాక్యం ఉంటుంది, సంతకం పెట్టేముందు చదవండి.

డబ్బు విషయంలో, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని బైపాస్, వాల్వు ఆపరేషన్లు తెలుగు రాష్ట్రాల్లో పేదలకూ అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు అది ఎన్టీఆర్ వైద్య సేవ. ఉచితంగా చేసే పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రి 1991 నుంచీ ఉంది. అయితే చిన్న కోతకు వాడే ప్రత్యేకమైన గొట్టాలు, క్లాంపులు, రోబో సామగ్రి ప్యాకేజీలోకి వస్తాయా, చేతినుంచి కట్టాలా అన్నది అడ్మిషన్‌కు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా అంతే. అప్పు చేసి చిన్న కోత చేయించుకోవాలా అని అడిగితే, వద్దనే చెబుతాను. వాల్వు బాగుపడటం ముఖ్యం, అది పెద్ద కోతతోనూ అంతే బాగుపడుతుంది.

ఇంటికొచ్చాక ఛాతీ కోతను అందరూ చూసుకుంటారు, గజ్జ దగ్గరి చిన్న కుట్టును మర్చిపోతారు. అక్కడ వాపు పెరిగినా, పలుచటి నీరు కారుతూ బట్ట తడుస్తున్నా, ఆ వైపు కాలు చల్లబడినా, పాదం నల్లబడినా, తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరం, కొత్తగా ఆయాసం, మాట తడబడటం కూడా అంతే. నొప్పి లేదు కదా అని ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు మానేయడం చిన్న కోతవాళ్లలో ఎక్కువ జరిగే పొరపాటు. ఆ మాత్రలు కోత కోసం ఇచ్చినవి కావు, లోపల వేసిన గ్రాఫ్టు మూసుకుపోకుండా ఇచ్చినవి. ఏది ఆపాలో, ఎప్పుడు ఆపాలో రివ్యూకు వెళ్లినప్పుడు డాక్టరే చెబుతారు.